మా తాత సున్నం మోసిన గుడి

మెదక్ చర్చి గురించి ఎవరిని అడిగినా ముందు కొలతలే చెబుతారు. వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు, లోపల ఒకేసారి ఐదు వేల మందికి చోటు. మా ఇంట్లో పిల్లలకు ఈ లెక్కలు ఎక్కాలతో పాటే వచ్చేవి. మా తాత మాత్రం అడుగుల్లో చెప్పేవాడు కాదు. నెత్తి మీద సున్నం తట్టతో నిచ్చెన ఎక్కుతుంటే ఎక్కడ కాళ్లు వణికేవో, ఎక్కడికి చేరాక మెదక్ కోట గుట్ట కనిపించేదో, ఏ ఎత్తులో గాలికి కళ్లలో సున్నం పడి మంట పుట్టేదో చెప్పేవాడు. ఆ గోపురాన్ని ఆయన ఒంటితో కొలిచాడు.

మాది మెదక్‌కు ఆరేడు మైళ్ల దూరంలో చిన్న ఊరు. చెరువు నిండితే వరి, లేకపోతే జొన్న. 1918లో వానలు మొహం చాటేశాయి. అదే ఏడాది దేశమంతా పాకిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరం మా ఊరినీ వదల్లేదు. తాత వాళ్లమ్మ అందులోనే పోయింది. అప్పటికి తాతకు పదేళ్లో పదకొండేళ్లో. ఇంట్లో గింజ లేదు, చేలో పని లేదు. మెదక్‌లో దొరవారు గుడి కట్టిస్తున్నారు, పని చేసినవాళ్లకు గింజలు కొలిచి ఇస్తున్నారన్న మాట విని, వాళ్ల నాయన కొడుకును వెంటబెట్టుకొని నడిచి వెళ్లాడు. ఆ నడక గురించి తాత ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు. అడిగితే దారిలో చెరువులన్నీ ఎండి నెర్రెలు విచ్చి ఉన్నాయని మాత్రం అనేవాడు.

దొరవారు అంటే చార్లెస్ వాకర్ పాస్నెట్. ప్రొటెస్టెంటుల్లో ఒక శాఖ అయిన వెస్లియన్ మెథడిస్టుల మిషనరీ. 1895లో సికింద్రాబాద్‌కు వచ్చి, మొదట తిరుమలగిరిలో ఇంగ్లీషు సిపాయిల మధ్య పని చేశాడు. అది ఆయన మనసుకు పట్టలేదు. పల్లెల వైపు కదిలి మరుసటి ఏడాది మెదక్ చేరాడు. అప్పట్లో హైదరాబాద్ నుంచి మెదక్‌కు గుర్రం మీద రెండు రోజుల ప్రయాణం. ఇక్కడ క్రైస్తవులు రెండు వందల మందికి మించి లేరు. మొదట ఒక బంగ్లా, దాని పక్కన ప్రార్థనకు ఒక చిన్న కట్టడం లేచాయి. దొర ఉండే ఇల్లు దేవుని ఇంటికంటే ఎత్తుగా ఉందని ఆయన మనసు నొచ్చుకుందనీ, ఈ పెద్ద గుడి సంకల్పం అక్కడే పుట్టిందనీ మా వైపు పెద్దలందరూ చెబుతారు. 1914లో పని మొదలైంది. అదే ఏడాది ఐరోపాలో యుద్ధం కూడా మొదలైంది. ఒక పక్క ధరలు మండిపోతున్నాయి, ఇంకో పక్క కరువు. పాస్నెట్ ఇంగ్లండ్ నుంచి విరాళాలు తెప్పించి, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి, పనికి తిండి ఇచ్చాడు. పదేళ్ల పాటు వేల మంది చేతుల మీదుగా ఆ గుడి లేచింది. నక్షా గీసినది ఇంగ్లండ్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే వాస్తుశిల్పుల సంస్థ. కాగితం మీద అది ఇంగ్లీషు గోథిక్ కట్టడం. దాన్ని రాతిలోకి దింపినవాళ్లు మెతుకు సీమ, అంటే మా మెదక్ ప్రాంతపు కూలీలు.

తాత పని సున్నం దగ్గర. ఈ సంగతి ఆయన చెప్పినంత ఇష్టంగా మరేదీ చెప్పేవాడు కాదు, నేనూ ఇక్కడ కాస్త ఆగుతాను. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు చల్లి విరగదీసి, గుంటల్లో రోజుల తరబడి నానబెట్టేవారు. తర్వాత ఇసుకతో కలిపి డంగులో వేసేవారు. డంగు అంటే నేల మీద గుండ్రంగా కట్టిన రాతి కాలువ. అందులో ఒక పెద్ద రాతి చక్రం, దాన్ని తిప్పడానికి ఎద్దులు. చక్రం తిరుగుతూ ఉంటే ఇసుకా సున్నమూ కలిసి వెన్నలా అయ్యేదాకా నలుగుతాయి. తొందరపడి ముందే తీస్తే మేస్త్రీ వేళ్ల మధ్య నలిపి చూసి, ఒక్క పలుకు తగిలినా వెనక్కి పంపేవాడట. అప్పటికి పిలగాడైన తాత పని ఎద్దుల వెంట నడవడం, చక్రానికి అంటుకున్న సున్నాన్ని గీకి మళ్లీ కాలువలోకి తోయడం. ఒళ్లు కాస్త గట్టిపడ్డాక తట్టలు మోయడం.

సిమెంటు తెలిసిన మనకు ఆ ఓపిక అర్థం కాదు. సిమెంటు గంటల్లో గట్టిపడుతుంది. సున్నం అలా కాదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ, తిరిగి రాయిగా మారడానికి ఏళ్లు తీసుకుంటుంది. గోడ లేచిన తర్వాత కూడా లోలోపల పని జరుగుతూనే ఉంటుంది. తాతకు రసాయనశాస్త్రం తెలియదు. కానీ "ఆ గోడ మేము కట్టినప్పటికంటే ఇప్పుడు గట్టిగా ఉంది బిడ్డా" అనేవాడు. నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో ఈ సంగతి పుస్తకంలో చూసి ఇంటికి వచ్చి చెబితే, తనకు ఎప్పుడో తెలిసిన ముచ్చట నేను ఇంత ఆలస్యంగా తెచ్చానన్నట్టు తల ఊపాడు.

రాళ్లు కొట్టినవాళ్లు వడ్డెర పనివారు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడెక్కాక నీళ్లు చల్లితే బండ పొరలుగా విచ్చుకునేది. అక్కడ చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో కొడితే గీత గీసినట్టు విడిపోయేదని తాత చెప్పేవాడు. దాన్ని ఉలితో చెక్కి నునుపు చేయడం ఇంకొకరి పని. లోపల బాల్కనీని మోస్తున్న ఆ బూడిదరంగు రాతి స్తంభాల దగ్గరికి వెళ్లినప్పుడు ఒకసారి అరచేయి ఆనించి చూడండి. ఉలి దెబ్బ ఎక్కడా చేతికి తగలదు.

కమానుల సంగతి కూడా తాత నోటనే విన్నాను. ముందు కింద చెక్కతో చట్రం కడతారు. దాని మీద రెండు వైపుల నుంచీ రాళ్లు పేర్చుకుంటూ వచ్చి, నడినెత్తిన ఆఖరి రాయి దిగ్గొడతారు. ఆ రాయి పడేదాకా కమానుకు తనంతట తానుగా నిలబడే శక్తి లేదు. పడ్డాక రాళ్లన్నీ ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి. కానీ చట్రం వెంటనే తీయకూడదు. సున్నం పట్టేదాకా ఆగాలి. తీసే ముందు మేస్త్రీ పరంజా ఎక్కి, చిన్న సుత్తితో ఒక్కొక్క రాతినీ తట్టి చెవి పెట్టి వినేవాడట. బోలుగా వినిపిస్తే మళ్లీ ఆగడమే. ఆ సమయంలో డంగు దగ్గర ఎద్దులను కూడా నిలిపేసేవారు, చప్పుడు ఉండకూడదని. వందల మంది పని చేసే చోట అంత నిశ్శబ్దం ఎలా ఉండేదో చెప్పేటప్పుడు ఎనభై ఏళ్లకు చేరువైన తాత గొంతు తగ్గించేవాడు.

లోపలి నేలకు పరిచిన రంగురంగుల పలకలు ఇంగ్లండ్ నుంచి వచ్చాయి. వాటిని అతకడానికి ఇటలీ పనివాళ్లు వచ్చారు. పలకలు నింపుకున్న బండ్లు ఊళ్ల మీదుగా వస్తుంటే జనం చేలలోంచి పరుగెత్తుకొచ్చి చూసేవారట. ఇంతపెద్ద గదిలో మాట మార్మోగకుండా ఉండేందుకు పైకప్పులో స్పాంజి లాంటి పదార్థం వాడారని కూడా చెబుతారు. గోపురం చార్మినార్‌ను మించుతుందని నిజాం ప్రభువు అభ్యంతరం చెప్పాడనే కథ మా ప్రాంతంలో ఇంటింటా ఉంది. అది ఊరి కథ, కథగానే చెబుతున్నాను. తాతకు ఆ కథ మీద ఉన్న ఇష్టం మాత్రం నిజం.

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. తాతకు అప్పటికి పదహారేళ్లు దాటి ఉంటాయి. ఆ రోజు ఆయన ఎక్కడ నిలబడ్డాడని అడిగితే, గుమ్మం దగ్గర అన్నాడు. కొత్త నేల మీద కాలు పెట్టడానికి మనసొప్పక చాలాసేపు బయటే నిలబడ్డారట, పనిచేసినవాళ్లంతా. పలకలు మాసిపోతాయని. చివరికి లోపలి నుంచి ఎవరో వచ్చి చేయి పట్టుకొని తీసుకెళ్లారు. ఈ ముచ్చట విన్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేసేది, ఇప్పుడు రాస్తున్నా అంతే.

గుడి అప్పటికి పూర్తయింది కానీ అద్దాలు ఇంకా రాలేదు. ఇప్పుడు అందరూ ఫొటోలు తీసుకునే ఆ మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు ఒకేసారి పెట్టినవి కావు. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పనలో ముందు 1927లో బలిపీఠం వెనుక ఉన్న క్రీస్తు ఆరోహణం వచ్చింది. తర్వాత ఒక పక్కన జననం, 1947లో. రెండో పక్కన సిలువ, 1958లో. అంటే ఈ గుడిలో క్రీస్తు ముందు పరలోకానికి వెళ్లాడు, ఇరవై ఏళ్లకు పుట్టాడు, ఆపై పదకొండేళ్లకు సిలువ ఎక్కాడు. మొదటి అద్దం వచ్చినప్పుడు తాత ఇంకా పెళ్లి కాని యువకుడు. మూడోది వచ్చేసరికి యాభై ఏళ్ల మనిషి. ఆ మధ్యలో నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం వచ్చి పోయింది. మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొందరు కలిసి 1947 సెప్టెంబరులో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మెదక్‌కు బిషప్పు వచ్చాడు, చర్చి బిషప్పు పీఠం ఉండే కెథడ్రల్ అయింది.

నా చిన్నతనంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసినవి ఆ అద్దాలే. బయట నుంచి చూస్తే ఏమీ ఉండదు. నల్లగా, మట్టి పట్టినట్టు, సీసపు గీతల అల్లిక తప్ప బొమ్మ ఆనవాలే దొరకదు. లోపలికి వెళ్లి తలెత్తితే నీలం, ఎరుపు, బంగారు రంగు. పసిబాలుడి చుట్టూ మోకరించిన మనుషులు. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో అతికించి చేస్తారు గనుక వెలుగు గాజులోంచి దూరితేనే బొమ్మ పుడుతుంది. అందుకే రాత్రి లోపల ఎన్ని దీపాలు వెలిగించినా ఆ కిటికీలు లోపలివాళ్లకు చీకటిగానే ఉంటాయి. సూర్యుడు కదులుతుంటే ముఖాలు కదులుతాయి. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఇంకోలా కనిపిస్తాయి.

క్రిస్మస్‌కు రెండు రోజుల ముందే మా ఊరి నుంచి బండ్లు కట్టేవారు. బియ్యం, పప్పు, ఎండుమిరపకాయలు, గిన్నెలు, చాపలు, దుప్పట్లు, అన్నీ బండిలోనే. చర్చి ఆవరణలో చెట్ల కింద ఎవరి చోటు వాళ్లకు ఏళ్ల తరబడి ఖాయం. మూడు రాళ్లు పెట్టి నాయనమ్మ పొయ్యి వెలిగించేది. పొగకు కళ్లు మండుతున్నా మేము ఆ పొయ్యి చుట్టూనే ఉండేవాళ్లం, అంత చలి. రాత్రంతా ఏదో ఒక చెట్టు కింద కంజీరా, తాళాలు మోగుతూనే ఉండేవి. ఒక గుంపు కీర్తన ఆపితే ఇంకో గుంపు అందుకునేది. మా పక్క చెట్టు కింద ఏటా దిగే కుటుంబం వాళ్లు మా బంధువులు కారు, మా ఊరివాళ్లు కూడా కారు. అయినా వాళ్ల పెద్దమ్మ మాకు పెద్దమ్మే. ఏడాదిలో కలిసేది అప్పుడే. తెల్లవారుజామున మొదటి ఆరాధన. ఇంకా చీకటి ఉండగానే చన్నీళ్లతో మొహం కడిగించి, కొత్త బట్టలు తొడిగి, కొవ్వొత్తులు చేతికిచ్చి వరుసలో నడిపించేవారు. ఆ ఎత్తైన కప్పు కింద వేల గొంతులు ఒక్కసారిగా లేస్తే నా ఒళ్లు ఝల్లుమనేది.

అక్కడికి క్రైస్తవులే వస్తారనుకుంటే పొరపాటు. శివరాత్రికి ఏడుపాయల దుర్గమ్మ జాతరకు వెళ్లే కుటుంబాలే క్రిస్మస్‌కు చర్చికి వచ్చేవి. ఏడుపాయలకు మేమూ వెళ్లేవాళ్లం, జాతర చూడడానికి. ముస్లిం కుటుంబాలు పిల్లలను తీసుకొచ్చి లోపల కాసేపు కూర్చొని వెళ్లేవి. అసలు కట్టినప్పుడే అంతే కదా. కరువుకు కులం మతం లేవు, డంగు తిప్పినవాళ్లలో అందరూ ఉన్నారని తాత చెప్పేవాడు.

ఇక్కడ ఒక బాధ కూడా చెప్పాలి. మేము చదువుకునే రోజుల్లో, "మీ వాళ్లు గింజల కోసం మతం మారారు" అన్న మాట పడని పిల్లలు మాలో లేరు. ఒకసారి ఆ మాట విని ఏడుస్తూ ఇంటికి వస్తే తాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. ఆకలితో వెళ్లాం, అందులో దాచేదేముంది అన్నాడు. గింజలు ఊరికే ఇవ్వలేదు, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మోస్తే సోలెడు కొలిచారు, మేము ఎవరి బాకీ లేము అన్నాడు. ఆ తర్వాత ఎవరేమన్నా నాకు తల దించుకోవాలనిపించలేదు.

ఒంగోలు కథ తెలిశాక ఆ మాటకు బలం ఇంకా పెరిగింది. 1876 నుంచి 1878 దాకా వచ్చిన మహా కరువులో అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని కరువు జనానికి పని కల్పించాడు. తిండి కోసం వచ్చారన్న మాట పడకూడదని, కరువు పనులు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. పనులు ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అప్పటికి పంచడానికి గింజలు లేవు.

పెళ్లయ్యాక మా వారి రైల్వే ఉద్యోగం వల్ల కొన్నేళ్లు డోర్నకల్‌లో ఉన్నాం. అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ చూసిన మొదటి రోజు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. మెదక్ చూసి పెరిగిన కంటికి చర్చి అంటే కోసుగా ఆకాశంలోకి లేచే గోపురం. ఇక్కడ మసీదు గుమ్మటాలు, మినార్ల వంటి బురుజులు, లోపల దేవాలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. దీన్ని కట్టించినది వేదనాయకం సామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. తెలుగు నేర్చుకొని తెలుగు పల్లెల్లో బతుకంతా గడిపాడు. 1912లో బిషప్పు అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. ఈ దేశపు క్రైస్తవులు ఈ దేశపు కట్టడంలోనే ప్రార్థించాలన్నది ఆయన పట్టుదల. డబ్బు చాలక పని ఏళ్ల తరబడి సాగింది. 1939 జనవరి 6న, సరిగ్గా ఎపిఫనీ, అంటే జ్ఞానులు బాలయేసును చూడవచ్చిన పండుగ నాడు ప్రతిష్ఠించారు. 1945 జనవరి 1న అజరయ్య కన్నుమూశారు. ఆ గుడి పక్కనే సమాధి.

డోర్నకల్ అంటే నాకు గౌరవం, మెదక్ అంటే ప్రాణం. ఆలోచనగా చూస్తే అజరయ్య చేసినదే గొప్పదని ఒప్పుకుంటాను. మెదక్ ఇంగ్లండ్ నుంచి ఊడిపడ్డట్టు ఉంటుందని విమర్శించేవాళ్లకు నా దగ్గర పెద్ద వాదన లేదు. కానీ ఆ రాతి మధ్య ఉన్న సున్నం ఈ మట్టిదే, దాన్ని నలిపినవాళ్లు ఈ మట్టి మనుషులే.

2022లో మెదక్‌కు రైలు వచ్చింది. 2024 డిసెంబరు 25న చర్చికి నూరేళ్లు నిండాయి. ముఖ్యమంత్రి వచ్చారు, దారులన్నీ జనంతో కిక్కిరిసిపోయాయి. మా పిల్లలు, వాళ్ల పిల్లలతో నేనూ వెళ్లాను. తాత పోయి చాలా కాలమైంది. మా చెట్టు కింద వేరే ఊరివాళ్లు గ్యాసు పొయ్యి మీద అన్నం వండుకుంటున్నారు. మా తాత ఇక్కడ సున్నం మోశాడని చెబితే, వాళ్లలోని ఒక పెద్దాయన లేచి, తన ముత్తాత రాయి కొట్టాడని చెప్పాడు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. బండ కాల్చేటప్పుడు ఏ కట్టె వాడేవారో ఆయనకు తెలుసు, నాకు తెలియదు. డంగు సంగతి నాకు తెలుసు, ఆయన వినలేదు.

పాస్నెట్ పేరు అందరికీ తెలుసు, తెలియాలి కూడా. నక్షా గీసిన సంస్థ పేరు, అద్దాల చిత్రకారుడి పేరు తెలుసు. రాయి కొట్టినవాళ్ల, తట్ట మోసినవాళ్ల పేర్లు ఇళ్లలోనే ఉన్నాయి, అవి విన్న మనవలు, మనవరాళ్లకు ఇప్పుడు అరవై ఏళ్లు దాటాయి. మెదక్, రామాయంపేట, నర్సాపూర్ వైపు ఊళ్లవాళ్లు ఇది చదువుతుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. మన వాళ్లలో ఎవరు వెళ్లారు, ఏ పని చేశారు, ఎవరితో కలిసి నడిచి వెళ్లారు, కూలి ఏ గింజల్లో ఇచ్చారు, ఎక్కడ పడుకున్నారు. చెప్పింది చెప్పినట్టు తేదీ వేసి ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టండి. నేను మా తాత గురించి రాయడం మొదలుపెట్టాను. ఆ పెద్దాయన వాళ్ల ముత్తాత సంగతులు రాసి ఇస్తానన్నాడు, వచ్చే నెల వాళ్ల ఊరు వెళ్తున్నాను.